చాటు లేని చాట్

తెలుగులో "చాటు" అన్న మాటకి రెండు ముఖాలున్నాయి. చెట్టు చాటున నిలబడ్డాడు అంటే ఎవరికీ కనబడకుండా నిలబడ్డాడని. తల్లి చాటు బిడ్డ అంటే మాత్రం దాక్కున్న బిడ్డ కాదు, తల్లి అండలో భద్రంగా పెరిగిన బిడ్డ. కనబడకపోవడానికీ కాపాడబడటానికీ మన భాష ఒకే మాట వాడుకుంది. యూరప్‌లో 2022 నుంచి నడుస్తున్న ఒక చట్టం గొడవ గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తోంది. అక్కడ ఈ రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి. పిల్లలకి చాటు దొరకాలంటే మిగతా అందరి చాటూ కొంచెం తొలగించాలి అని ఒక పక్షం. అందరి చాటూ పోయాక పిల్లలకి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది అని రెండో పక్షం.

ఆ చట్టానికి విమర్శకులు పెట్టిన పేరు "చాట్ కంట్రోల్". 2022 మే 11న యూరోపియన్ కమిషన్ దీన్ని ప్రతిపాదించింది. అప్పటి హోం వ్యవహారాల కమిషనర్ ఇల్వా యొహాన్సన్ దీన్ని భుజాన వేసుకుని తిరిగారు. పిల్లల మీద జరిగే లైంగిక హింసని చూపించే ఫొటోలు, వీడియోలు ఇంటర్నెట్‌లో చేతులు మారకుండా ఆపడం ఉద్దేశం. కోర్టో, ఒక స్వతంత్ర అధికార సంస్థో ఆదేశిస్తే మెసేజింగ్ కంపెనీలు మూడు రకాల వాటికోసం వెతకాలి: పోలీసుల దగ్గర ఇప్పటికే నమోదైన బొమ్మలు, ఇంకా ఎవరికీ తెలియని కొత్త బొమ్మలు, పెద్దవాళ్ళు పిల్లలకి వల వేసే సంభాషణలు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఆదేశం ఫలానా మనిషి మీద కాదు, ఫలానా సర్వీసు మీద. అంటే అనుమానితుడి ఇల్లు కాదు, వీధి మొత్తం సోదా చెయ్యమని వారెంటు.

వాట్సాప్, సిగ్నల్ లాంటివాటిలో సందేశం ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తుంది. పంపినవాళ్ళ ఫోనూ అందుకున్నవాళ్ళ ఫోనూ తప్ప మధ్యలో ఎవరూ, ఆ కంపెనీతో సహా, దాన్ని చదవలేరు. మరి వెతకడం ఎలా? కవరు అంటించకముందే చూడాలి. అంటే పంపేవాళ్ళ ఫోన్‌లోనే ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, తాళం పడేలోపు బొమ్మని చూసి, అనుమానం వస్తే పైకి కబురు పంపాలి. దీన్నే క్లయింట్-సైడ్ స్కానింగ్ అంటున్నారు. "మేం ఎన్‌క్రిప్షన్‌ని ముట్టుకోలేదు" అని దీని సమర్థకులు అంటారు. సాంకేతికంగా అది నిజమే. తలుపు తాళాన్ని ముట్టుకోకుండా గదిలోనే ఒక మనిషిని కూర్చోబెట్టారు.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2023 నవంబరులో యూరోపియన్ పార్లమెంటు తన వైఖరి చెప్పింది: ఎన్‌క్రిప్షన్ ఉన్న సందేశాల జోలికి పోవద్దు, సహేతుకమైన అనుమానం ఉన్నవాళ్ళనే వెతకండి అని. సభ్యదేశాల మండలిలో మాత్రం పీటముడి పడింది. 2024 జూన్‌లో బెల్జియం ఓటింగు పెట్టబోయి, చివరి నిమిషంలో మానుకుంది. 2025 అక్టోబరులో జర్మనీ అడ్డం తిరగడంతో డెన్మార్క్ తప్పనిసరి స్కానింగ్‌ని పక్కన పెట్టింది. నవంబరు 26న మండలి ఒప్పుకున్న ముసాయిదాలో కంపెనీలు ఇష్టమైతే చేసుకునే స్కానింగ్ మిగిలింది, బలవంతం పోయింది. బ్రిటన్‌లో 2023 నాటి ఆన్‌లైన్ సేఫ్టీ చట్టంలో ఇలాంటి అధికారం ఇప్పటికే ఉంది. సాంకేతికంగా సాధ్యమయ్యేవరకూ దాన్ని వాడబోమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. వాడబోం అంది గానీ తీసేస్తాం అనలేదు.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. నా తోటివాళ్ళలో చాలామంది ఈ విషయం ఎత్తగానే "సర్వైలెన్స్ స్టేట్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నాకు అంత తేలిక అనిపించదు. ఎదుటి పక్షంలో ఉన్న బలమైన వాదన ప్రభుత్వానిది కాదు, బాధితులది.

అమెరికాలో నెక్‌మెక్ అనే సంస్థకి 2023లో ఇలాంటి అనుమానిత విషయాల మీద 3.6 కోట్లకి పైగా రిపోర్టులొచ్చాయి. ఒకే బొమ్మ మీద వేల రిపోర్టులు రావచ్చు కాబట్టి ఈ అంకెని పిల్లల సంఖ్యగా చదవకూడదు. కానీ ఆ బొమ్మ వెనక ఒక పిల్లో పిల్లాడో ఉన్నారు, పెరిగి పెద్దయ్యారు, ఇప్పుడు ఏ బస్సులోనో మన పక్క సీట్లో కూర్చుని ఉండొచ్చు. ఆ ఫొటో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ మనిషి గోప్యత మళ్ళీ చెడిపోతోంది. "మీ గోప్యత గురించి ఇంత బాధపడుతున్నారు, మరి నాది?" అని ఆమె అడిగితే ఏం చెప్తాం? ఇది ఊహ కాదు. ఐఫోన్ల నుంచి ఐక్లౌడ్‌కి వెళ్ళే ఫొటోలని ఫోన్‌లోనే పోల్చి చూస్తామని 2021 ఆగస్టులో ఆపిల్ ప్రకటించింది. విమర్శలొచ్చి, 2022 డిసెంబరులో ఆ ఆలోచన మానేసింది. 2024 డిసెంబరులో బాధితులు ఆపిల్ మీద కాలిఫోర్నియాలో దావా వేశారు, ఎందుకు మానేశారని.

"దాచుకోడానికి ఏమీ లేనివాడికి భయమెందుకు" అన్న మాటని కొట్టిపారెయ్యడం తేలిక. ఈ దావా వేసినవాళ్ళ మాటని కొట్టిపారెయ్యలేం. అందుకని వాళ్ళ ప్రశ్నని ఎదురుగా పెట్టుకునే ఆలోచిద్దాం.

సమర్థకుల వాదనలో తాత్వికంగా ఆసక్తికరమైన ముక్క ఒకటుంది. "మనిషెవరూ మీ ఫొటోలు చూడరు. యంత్రం చూస్తుంది. ఏమీ దొరక్కపోతే అక్కడితో మర్చిపోతుంది. ఎవరూ చదవనప్పుడు మీరు పోగొట్టుకున్నదేంటి?" తెలిసిన బొమ్మల విషయంలో ఇది చాలావరకు నిజం కూడా. 2009లో మైక్రోసాఫ్ట్, హానీ ఫరీద్ అనే ప్రొఫెసర్ కలిసి చేసిన ఫొటోడీఎన్ఏ లాంటి పద్ధతుల్లో బొమ్మనుంచి ఒక వేలిముద్ర లాంటి సంఖ్య తయారవుతుంది. దాన్ని పాత నేరాల జాబితాలో సంఖ్యలతో పోలుస్తారు. మీ అమ్మాయి పుట్టినరోజు ఫొటోలో ఏముందో దానికి అర్థం కాదు, అర్థం కావాల్సిన పనీ లేదు.

మరి యంత్రం చదివితే చదివినట్టా, కాదా?

దీనికి జవాబు నాకు పాత ఉత్తరాల్లో దొరికింది. మా నాయనమ్మకి చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్టుమాన్ చేతో, పక్కింటి బడిపిల్ల చేతో చదివించుకునేది. జవాబు కూడా వాళ్ళ చేతే రాయించేది. ఆ తరంలో ఊళ్ళలో చాలామంది అంతే. అంటే ఆవిడ ఉత్తరాలన్నీ మూడో మనిషి చదివినవే. అయినా ఆవిడ గోప్యతకి భంగం కలిగిందని మనం అనం. ఎందుకంటే చదివేవాళ్ళని ఆవిడే ఎంచుకుంది. కొన్ని సంగతులు పోస్టుమాన్ చేత చదివించుకునేది, కొన్ని మాత్రం కోడలు ఊళ్ళోకి వచ్చేదాకా కవరు విప్పకుండా దాచేది. కార్డు మీద ఏం రాయాలి, ఇన్‌లాండ్ లెటర్లో ఏం రాయాలి అన్న తేడా అప్పట్లో అందరికీ తెలుసు. కార్డు నలుగురూ చదువుతారని తెలిసే రాసేవాళ్ళు.

ఇప్పుడు దీనికి తలకిందులైన ఉదాహరణ చూడండి. 1844లో లండన్‌లో తలదాచుకున్న ఇటలీ విప్లవకారుడు జుసెప్పె మాజినికి తన ఉత్తరాలు ఎవరో విప్పుతున్నారని అనుమానమొచ్చింది. పరీక్షించడానికి కవర్లలో గసగసాలూ, వెంట్రుకలూ, ఇసక రేణువులూ పెట్టించాడు. కవర్లు చేరాయి, గసగసాలు చేరలేదు. పార్లమెంటులో థామస్ డంకోంబ్ అనే సభ్యుడు విషయం లేవనెత్తాడు, హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహమ్ వారెంటుతోనే ఇది జరిగిందని బయటపడింది. ఊరంతా అట్టుడికిపోయింది. విచిత్రం ఏంటంటే ఆ వారెంటు చట్టబద్ధమే. పైగా చాలామంది మాజిని ఉత్తరాల్లో ఏముందో పట్టించుకోనే లేదు. అతని రాజకీయాలు నచ్చనివాళ్ళు కూడా కోప్పడ్డారు. వాళ్ళకి మండింది ఇక్కడ: తపాలా అన్నది నేను డబ్బిచ్చి పెట్టుకున్న దూత. నా దూత నాకు తెలియకుండా ఇంకొకరికి పనిచేస్తున్నాడు.

నాయనమ్మనీ మాజినినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమయ్యేది ఇది. గోప్యత అంటే ఎవరూ చూడకపోవడం కాదు. ఎవరు చూడాలో తేల్చే హక్కు మన దగ్గర ఉండటం. చదివింది మనిషా యంత్రమా అన్నది రెండో ప్రశ్న. ఆ చదివేది ఎవరి మనిషి అన్నది మొదటి ప్రశ్న.

ఇలా చూస్తే మామూలుగా వచ్చే ఒక ఎదురు ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. స్పామ్ ఫిల్టర్ మన మెయిల్స్ చదవట్లేదా? యాంటీవైరస్ మన ఫైళ్ళన్నీ తడమట్లేదా? తడుముతున్నాయి. కానీ స్పామ్ ఫిల్టర్ తనకి దొరికింది నాకు చెప్తుంది, నేను కాదంటే ఊరుకుంటుంది. అది నా మనిషి. ఫోన్‌లో కూర్చోబోయే స్కానర్ తనకి దొరికింది నాకు చెప్పదు, నా గురించి ఇంకొకరికి చెప్తుంది, వద్దన్నా పోదు. ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కాన్ చెయ్యట్లేదా అంటారు. చేస్తున్నారు. గేటు దాటగానే ఆ స్కానర్ సంబంధం తెగిపోతుంది. బ్యాగు కుట్టేటప్పుడే లోపల పెట్టి కుట్టిన స్కానర్ సంగతి వేరు.

"కానీ అది మంచి పనికే కదా, తప్పు చెయ్యనివాడికి ఏ హానీ లేదు కదా" అనొచ్చు. రాజకీయ తత్వవేత్త ఫిలిప్ పెటిట్ స్వేచ్ఛ గురించి చెప్పే ఒక ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. ఒకరు నా జీవితంలో జోక్యం చేసుకోకపోవడం స్వేచ్ఛ కాదు, ఇష్టమొచ్చినట్టు జోక్యం చేసుకోగల స్థితిలో ఒకరు నా మీద లేకపోవడమే స్వేచ్ఛ అంటాడు. తెలంగాణ పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఇది పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. ఫలానా గడీలో దొర మంచివాడు, ఎవర్నీ కొట్టలేదు, వెట్టి కూడా పెద్దగా చేయించుకోలేదు అంటారు. కావచ్చు. కానీ ఊళ్ళో వాళ్ళు ఆ గడీ ముందు చెప్పులు చేత పట్టుకునే నడిచారు. కొట్టకపోవడం దొర దయ, కొట్టించుకోకపోవడం వాళ్ళ హక్కు కాలేదు. "మీ సందేశాలు చూడగలం, కానీ తప్పుంటేనే చూస్తాం" అన్న మాటలో నాకు ఆ మంచి దొర గొంతే వినిపిస్తుంది.

ఇంక యంత్రం మాత్రమే చూస్తుందన్న మాట దగ్గరికొద్దాం. అనుమానం వచ్చాక ఒక మనిషి చూడక తప్పదు. ఆ మనిషి ఎక్కడో బ్రస్సెల్స్‌లో ఉండడు. ఫేస్‌బుక్ కంటెంటుని వడకట్టే కాంట్రాక్టు ఉద్యోగుల గురించి 2019లో రాయిటర్స్ రాసింది హైదరాబాదు నుంచే. ప్రపంచంలో ఎవరి ఇంట్లోనో తీసిన ఫొటో మన ఊళ్ళో నైట్ షిఫ్టులో ఉన్న ఎవరి ముందుకైనా రావచ్చు.

ఎన్ని వస్తాయి? ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి. రోజుకి వెయ్యి కోట్ల సందేశాలు స్కాన్ చేస్తున్నారనుకుందాం. కొత్త బొమ్మల్ని, సంభాషణల్ని గుర్తుపట్టే ఏఐ వెయ్యింట ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. ఈ రంగంలో అది చాలా మంచి మార్కు. అయినా రోజుకి కోటి సందేశాల మీద ఏ తప్పూ లేకుండా అనుమానపు ముద్ర పడుతుంది. నేరం అరుదైనప్పుడు ఎంత మంచి పరీక్ష అయినా పట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది అమాయకులే ఉంటారు. వైద్యులకి ఇది బాగా తెలిసిన సంగతి. కావలసిన గడ్డిమోపు కన్నా పెద్ద గడ్డివాము తెచ్చిపోసి, సూది దొరుకుతుంది వెతకండి అని పోలీసులకి చెప్పడం ఇది. 2020లో నెక్‌మెక్ నుంచి ఐర్లండ్ పోలీసులకి 4,192 సమాచారాలు వచ్చాయి. వాటిలో నిజంగా నేరపు బొమ్మలని తేలినవి దాదాపు ఐదో వంతు. ఇవి కూడా ఎక్కువగా పాత పద్ధతుల్లో, ఎన్‌క్రిప్షన్ లేనిచోట పట్టుకున్నవి.

పొరపాటున ముద్ర పడిన ఒక మనిషి కథ 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి. కోవిడ్ రోజులు. చిన్న కొడుక్కి మర్మాంగం వాచింది. డాక్టరుకి చూపించడానికి ఫొటో తీశారు. ఫోన్ ఆ ఫొటోని గూగుల్ సర్వర్లకి ఎక్కించింది, ఏఐ అనుమానించింది, ఖాతా మూసేశారు. మెయిలూ, ఫోన్ నంబరూ, కొడుకు చిన్నప్పటి ఫొటోలూ ఒక్క దెబ్బతో పోయాయి. పోలీసులు విచారించి ఇతని తప్పేమీ లేదని తేల్చారు. ఆ మాట అతనికి చెబుదామంటే ఫోన్ పనిచెయ్యట్లేదు, మెయిల్ పనిచెయ్యట్లేదు. పోలీసులు తప్పులేదన్నాక కూడా గూగుల్ ఖాతా తిరిగివ్వలేదు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. తండ్రి తన పని చేశాడు, యంత్రం తన పని చేసింది. అదే నన్ను భయపెడుతుంది.

ఇంజనీరుగా నాకున్న ఇంకో భయం చాలా చప్పగా ఉంటుంది. నేను పనిచేసిన చోట్ల ఫిల్టర్లు ఎలా పెరుగుతాయో చూశాను. మొదట ఒకే కారణంతో కడతారు, అది గట్టి కారణమే. కట్టడానికి ఆరు నెలలు పడుతుంది, పది మీటింగులు జరుగుతాయి, లీగల్ వాళ్ళొస్తారు. ఆ తర్వాత రెండో కారణం వస్తుంది. దానికి మీటింగు అక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక వరుస చేర్చాలి, అంతే. స్కానర్‌కి తాను వెతికే సంఖ్య పిల్లల బొమ్మదా, ఒక ఉద్యమ పోస్టరుదా, ఒక మంత్రి మీద వేసిన కార్టూనుదా తెలియదు. జాబితా ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. 2021 అక్టోబరులో విట్‌ఫీల్డ్ డిఫీ, రొనాల్డ్ రివెస్ట్, బ్రూస్ ష్నయర్ లాంటి పద్నాలుగుమంది నిపుణులు కలిసి రాసిన పత్రంలో ముఖ్యమైన అభ్యంతరాల్లో ఇదొకటి. మండలి చర్చల్లో తిరిగిన ముసాయిదాల్లో పోలీసులకీ, సైన్యానికీ, నిఘా విభాగాలకీ స్కానింగ్ నుంచి మినహాయింపు పెట్టారు. అంత ప్రమాదం లేని పరికరమైతే మినహాయింపు అవసరమేంటో నాకు అర్థం కాలేదు.

పోనీ జాబితా మంచివాళ్ళ చేతిలోనే ఉందనుకుందాం. గ్రీసులో 2004, 2005లలో ఏం జరిగిందో చూడండి. పోలీసులు చట్టప్రకారం ఫోన్లు వినడానికని ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లో ఉంచిన సౌకర్యాన్ని ఎవరో దొంగతనంగా వాడుకుని, ఆ దేశ ప్రధాని కోస్తాస్ కరమన్లిస్‌తో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. దొంగలు కొత్త తలుపు పగలగొట్టలేదు. మంచివాళ్ళ కోసం పెట్టిన తలుపు తీసుకుని వచ్చారు.

మనకి ఇదంతా దూరపు చుట్టం కాదు. మన 2021 ఐటీ నిబంధనల్లో రెండు ముక్కలున్నాయి. 50 లక్షలకి పైగా వినియోగదారులున్న మెసేజింగ్ సంస్థలు, ఆదేశిస్తే, ఒక సందేశాన్ని మొట్టమొదట పుట్టించినవాళ్ళెవరో చెప్పాలన్నది ఒకటి. వాట్సాప్ దీని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే వాట్సాప్ వెళ్ళిపోతుందని 2024 ఏప్రిల్‌లో వాళ్ళ లాయరు కోర్టులో చెప్పాడు. రెండో ముక్క గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: అత్యాచారాల్ని, పిల్లల మీద లైంగిక హింసని చూపించేవాటిని గుర్తించే ఆటోమేటిక్ పరికరాలు వాడటానికి పెద్ద సంస్థలు "ప్రయత్నించాలి". యూరప్ మూడేళ్ళకి పైగా తన్నుకున్న విషయం మన దగ్గర ఆ ఒక్క క్రియాపదంలో పడుకుని ఉంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో చెప్పారు. ఫోన్ ట్యాపింగుకి నియమాలు సుప్రీం కోర్టు 1996లోనే పెట్టింది. అయినా 2024లో తెలంగాణలో బయటపడిన ఫోన్ ట్యాపింగ్ కేసులో ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, ఆధారాలున్న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసు అధికారుల మీదే ఆరోపణలొచ్చాయి. నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి. నాకు సంబంధించినంతవరకు, అధికారం ఒక్కొక్క ఫోనునే వినగలిగినప్పుడే ఇలాంటి అనుమానాలొస్తే, ప్రతి ఫోనూ తనంతట తానే కబురు పంపే రోజున ఏమొస్తుందన్నది ప్రశ్న.

అయితే మొదట ఎదురుగా కూర్చోబెట్టుకున్న మనిషి ఇంకా అక్కడే ఉంది. ఆమెకి నేనేం చెప్పగలను?

చెయ్యగలిగినవి ఉన్నాయి. అనుమానం ఉన్న మనిషి మీద, జడ్జి సంతకంతో, అతని ఫోన్ పట్టుకుని వెతకండి. నేను ఒప్పుకుంటాను. ఇప్పటికే చేతికొచ్చిన రిపోర్టుల్ని చదవడానికి సరిపడా పోలీసుల్ని పెట్టండి. పిల్లల ఖాతాలకి తెలియనివాళ్ళు సందేశం పంపలేకుండా మొదటినుంచే సెట్టింగులు పెట్టండి. నగ్నచిత్రం వస్తే పిల్లల ఫోన్‌లోనే దాన్ని మసకబార్చి, "ఇది చూడాలా? ఎవరికైనా చెప్తావా?" అని ఆ పిల్లనే అడిగే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి. అదీ స్కానింగే. కానీ ఆ యంత్రం పిల్ల మనిషి, పిల్ల చాటు.

ఇవన్నీ చేసినా కొన్ని నేరాలు తాళాల వెనక ఎవరికీ తెలియకుండా జరిగిపోతాయి. ఎన్‌క్రిప్షన్‌ని సమర్థించే మావాళ్ళు ఈ మాట పైకి అనరు. "స్కానింగ్ ఎలాగూ పనిచెయ్యదు" అని తప్పుకుంటారు. ఒకవేళ కొంత పనిచేస్తే? పదిమంది పిల్లల్ని కాపాడితే? అప్పుడు కూడా నేను వద్దనే అంటాను. కానీ ఆ వద్దనడానికి ఖరీదుందనీ, ఆ ఖరీదు కట్టేది నేను కాదనీ తెలిసే అంటాను. చీకటి గదిలో తాళం వేసుకున్న పిల్ల, ఎవరికీ తెలియకుండా అక్కకో స్నేహితురాలికో మెసేజ్ పెట్టుకునే పిల్ల, ఇంట్లోవాళ్ళ నుంచే తప్పించుకోవాల్సిన పిల్ల, వాళ్ళకి కూడా అదే తాళం కావాలి. ఆ దావా వేసినవాళ్ళకి ఈ జవాబు చాలదు. చాలాలని నేను అడగను కూడా.